గాలిలోని సూక్ష్మ ధూళి నుంచి గుండెను కాపాడుకోవడం ఎలా?

కిటికీలోంచి పడే ఎండపొడలో తేలియాడే దుమ్మును చూసి ముక్కు మూసుకుంటాం గానీ, గుండెకు అసలు ముప్పు ఆ ఎండలోనూ కంటికి ఆనని కణాల వల్లనే ఎక్కువ. పీఎం 2.5 అని పిలిచే ఈ కణాల వ్యాసం 2.5 మైక్రాన్లకు మించదు. అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. వాహనాల నుంచి, బొగ్గు, కట్టెలు, చెత్త కాల్చడం నుంచి వచ్చే ఈ సన్నని పొగ కణాలు మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్తాయి.

అక్కడ మొదలైన వాపు అక్కడితో ఆగదు. ఆ వాపు వల్ల విడుదలయ్యే రసాయనాలు రక్తంలో కలిసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు సులువుగా సడలలేక రక్తపోటు పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావం హెచ్చుతుంది. అతి సూక్ష్మ కణాలు కొన్ని నేరుగా రక్తంలోకే చేరగలవు. నాడీ వ్యవస్థ కూడా కలవరపడి గుండె లయ తప్పవచ్చు. ఏళ్ల తరబడి ధమనుల గోడల్లో పేరుకున్న కొవ్వు పూడిక చిట్లి, దాని మీద రక్తం గడ్డకడితే అదే గుండెపోటు. కాలుష్యం ఈ పూడికను ఏళ్ల మీద పెంచుతుంది, అది చిట్లే ప్రమాదాన్ని కొన్ని గంటల్లోనే పెంచగలదు. అందుకే దీన్ని ఊపిరితిత్తుల సమస్యగా మాత్రమే చూడటం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం.

మొదట, రోజూ వాతావరణం చూసుకున్నట్టే మీ ప్రాంతపు పీఎం 2.5 అంకెను చూడండి. గాలి నాణ్యత సూచీ లెక్కగట్టే పద్ధతి దేశానికొక తీరుగా ఉంటుంది కాబట్టి, ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో చూడటమే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది సగటు 5, ఒక రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు.

తరువాత, ఆ అంకెను బట్టి వ్యాయామాన్ని మార్చుకోండి. పరుగెత్తేటప్పుడు లోపలికి పీల్చే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, దానితో పాటే కణాలూ. వ్యాయామం మానేయడం గుండెకు మేలు కాదు; గాలి బాగాలేని రోజున ఇంట్లో చేయండి, మిగతా రోజుల్లో రద్దీ రోడ్డు వదిలి లోపలి దారిలో నడవండి.

ఇంట్లో, బయటి గాలి చెడ్డగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, శుభ్రపడగానే తెరవండి. వంట చేసేటప్పుడు పొగను బయటికి లాగే ఫ్యాను తప్పనిసరిగా వేయండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకుండా చూడండి. గాలి శుద్ధి యంత్రం కొనేటట్లయితే సన్నని కణాలనూ పట్టి ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదే, గది విస్తీర్ణానికి సరిపడేదే ఎంచుకుని, ఎక్కువసేపు గడిపే పడకగదిలో పెట్టండి. ఓజోన్ వెలువరించే యంత్రాల జోలికి వెళ్లవద్దు.

బయటికి వెళ్లక తప్పనప్పుడు గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 కావాలి. ముక్కు దగ్గరి లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి: చెంపల పక్కన గాలి తగిలినా, కళ్లద్దాలు మసకబారినా మాస్కు సరిగా అమరనట్టే. దట్టమైన గడ్డం ఉంటే మాస్కు అంచుల దగ్గర అతుక్కోదు. మాస్కుతో ఆయాసం అనిపించే హృద్రోగులు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు, వయసు పైబడినవారు కాలుష్యం పెరిగిన రోజుల్లో రక్తపోటు కొలిచి రాసుకోవాలి, మందులు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, అకస్మాత్తుగా ఆయాసం కనిపిస్తే పొగ వల్లనే అనుకుని ఆగకుండా వెంటనే అంబులెన్సును పిలవండి. స్వయంగా వాహనం నడుపుకుంటూ ఆసుపత్రికి బయలుదేరవద్దు.