కయాక్‌లో కూర్చొని చేపలు పట్టడానికి రాడ్ ఎలా ఎంచుకోవాలి?

చెరువు కట్ట మీద నిలబడి వేసే రాడ్ వేరు, కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కాళ్లు చాపుకొని కూర్చొని వేసే రాడ్ వేరు. ఈ ఒక్క సంగతి పట్టించుకోక వైజాగ్ కాలనీ దగ్గర నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్‌లోనూ, సోమశిల దగ్గర కృష్ణలోనూ ఎందరో చేపను కయాక్ దాకా తెచ్చి, అక్కడ రాడ్ విరగ్గొట్టుకుంటున్నారు. షాపులో నిలబడి, రాడ్‌ను గాల్లో రెండుసార్లు ఊపి, "తేలిగ్గా ఉంది" అని కొనేస్తారు. కయాక్‌కు రాడ్ కొనేటప్పుడు షాపులో నేల మీద కూర్చోవాల్సిందే. ఎవరేమనుకున్నా సరే.

ముందు చేప

ఏ చేప కోసం వెళ్తున్నారో తేల్చుకోండి. డిండి, కోయిల్‌సాగర్ రిజర్వాయర్ల అంచుల్లో తుంగ, గుర్రపుడెక్క మధ్య కొర్రమీను కోసమైతే రాడ్‌కు బలం కావాలి. గాలం పడగానే అది గడ్డిలోకి దూరుతుంది, దాన్ని వెంటనే బయటికి లాగాలి. లోతు నీళ్లలో పిండి ముద్ద పెట్టి బొచ్చె, రవ్వ పట్టాలంటే బాగా వంగే రాడ్ కావాలి. ఈ చేపల మూతి మెత్తన, రాడ్ బిర్రుగా ఉంటే గాలం చీల్చుకొని వచ్చేస్తుంది. వాలుగ కోసం కొర్రమీను రాడే చాలు.

బలం, వంపు

రాడ్ పిడికి కాస్త పైన చిన్న అక్షరాలతో అన్నీ రాసి ఉంటాయి: పొడవు, బలం, దారం ఎంత తట్టుకుంటుంది, ఎర ఎంత బరువుండాలి. అవేవీ రాసి లేని రాడ్‌ను ముట్టుకోవద్దు.

బలాన్ని లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని చెబుతారు. వంపును ఫాస్ట్, మోడరేట్, స్లో అని చెబుతారు. ఈ రెండూ ఒకటే అనుకోవడం షాపుల్లో కూడా కనిపించే పొరపాటు. రాడ్ వంగడానికి ఎంత బరువు కావాలో బలం చెబుతుంది, ఎక్కడ వంగుతుందో వంపు చెబుతుంది. ఫాస్ట్ రాడ్ కొస దగ్గరే వంగుతుంది, మోడరేట్ రాడ్ సగం నుంచి వంగుతుంది. కొర్రమీనుకు మీడియం హెవీ, ఫాస్ట్. ఎర 10 నుంచి 20 గ్రాముల రబ్బరు కప్ప, దారం 30 నుంచి 40 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం). బొచ్చె, రవ్వలకు మీడియం, మోడరేట్. దానికి 12 నుంచి 15 పౌండ్ల తంగూసు సరిపోతుంది.

హెవీ రాడ్ కయాక్‌లోకి తేవద్దు. కట్ట మీద మీ కాళ్ల కింద నేల ఉంటుంది కాబట్టి చేప ఎంత లాగినా కదలరు. కయాక్‌లో చేప లాగితే పడవే దాని వెంట జరుగుతుంది. ఆ జరగడంలోనే చేప సగం అలసిపోతుంది, రాడ్ అంత బిర్రుగా ఉండాల్సిన పనే లేదు. పైగా బిర్రు రాడ్‌తో పక్కకు గట్టిగా లాగితే ఆ ఒత్తిడంతా కయాక్ అంచు మీద పడి, పడవ ఒక పక్కకు ఒరుగుతుంది.

పొడవు, పిడి: ఇక్కడే తప్పు చేస్తారు

రాడ్ పొడవును మీ ఎత్తును బట్టి కొనకూడదు. ఎర ఎంత దూరం పోతుందో చూసి కూడా కొనకూడదు. కావాలంటే కయాక్‌ను నాలుగు తెడ్లు ముందుకు తోసుకోవచ్చు, దూరం విసరడం అక్కడ పెద్ద గొప్ప కాదు. పొడవు తేల్చాల్సింది మీ సీటు నుంచి కయాక్ మొన (ముందు కొస) దాకా ఉన్న దూరం.

ఎందుకంటే పట్టుబడ్డ చేప కయాక్ కిందికి దూరుతుంది. ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, పెద్ద చేపలు చాలావరకు ఈ పని చేస్తాయి. అది కుడివైపు నుంచి ఎడమవైపు పోయినప్పుడు దారం పడవ అడుగుకు రాసుకుంటుంది. ప్లాస్టిక్ అడుగు రాళ్లకు, మోడులకు గీసుకుపోయి గరుకుగా ఉంటుంది కాబట్టి బ్రెయిడ్ అక్కడే తెగుతుంది. తెగకపోతే రాడ్ పడవ అంచు మీద మడత పడి విరుగుతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: రాడ్ కొసను అడుగున్నర లోతు నీళ్లలోకి దించి, దారం పడవకు తగలకుండా మొన చుట్టూ తిప్పి అవతలి పక్కకు తేవాలి. కొస మొన దాటకపోతే ఈ పని కుదరదు. 6 అడుగుల రాడ్‌తో చాలా కయాక్‌లలో కుదరదు.

లెక్క చూడండి. 12 అడుగుల కయాక్‌లో సీటు వీపు నుంచి మొనకు సుమారు 7 అడుగులు. చేయి చాపితే పిడికిలి సీటు వీపుకు 2 అడుగుల ముందు ఉంటుంది. 7 అడుగుల రాడ్‌లో పిడికిలికి ముందు దాదాపు 6 అడుగులు ఉంటుంది. మొత్తం 8 అడుగులు, అంటే మొన కన్నా ఒక అడుగు ఎక్కువ. చేప లాగుతుంటే రాడ్ వంగి ఆ అడుగు కూడా తగ్గుతుంది, మీరు కాస్త ముందుకు వంగితే సరిపోతుంది. అదే 6 అడుగుల రాడ్ అయితే వంగినప్పుడు మొనకు అడుగు దూరంలోనే ఆగిపోతుంది.

కాబట్టి మీ కయాక్‌ను టేపుతో కొలవండి. సీటు వీపు నుంచి మొన దాకా ఎంతుందో అంతకన్నా రాడ్ తక్కువ ఉండకూడదు. 10 అడుగుల కయాక్‌కు ఆరున్నర, 12 అడుగుల దానికి 7, అంతకన్నా పొడవైతే ఏడున్నర. ఏడున్నర దాటొద్దు. దాటితే ఇంకో కష్టం మొదలవుతుంది: చేపను చేతివలలోకి తెచ్చుకోవాలంటే రాడ్‌ను భుజం వెనక్కి ఎత్తాలి. రాడ్ ఎంత పొడవైతే చేప అంత దూరంలో ఉంటుంది, మీరు అంత వెనక్కి వాలాలి. రాడ్ నిలువుగా లేచి కొస వెనక్కి వంగినప్పుడు బరువంతా లావుగా ఉండే మొదలు మీద నుంచి సన్నటి కొస మీదికి మారుతుంది. కార్బన్ రాడ్‌లు విరిగేది అక్కడే. షాపు రాడ్ నాసిరకం అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. చేప దగ్గరికి వచ్చాక రాడ్‌ను నీళ్ల నుంచి 45 డిగ్రీలకు మించి లేపకండి. దారం మరీ పొట్టిగా చుట్టేయకండి, కొస నుంచి చేప దాకా 5, 6 అడుగులు వదలండి.

కృష్ణలో పుట్టి మీద పట్టేవాళ్లకు ఈ మొన గొడవ లేదు. పుట్టి గుండ్రంగా ఉండి చేప లాగిన వైపే తిరుగుతుంది, అందుకే అక్కడ ఆరున్నర అడుగులు హాయిగా నడుస్తుంది. పుట్టిలో బాగా పనిచేసిన రాడ్‌ను చూసి కయాక్‌కు అదే కొనొద్దు.

ఇక పిడి. పొడవు చూసినవాళ్లు కూడా దీన్ని చూడరు. రీల్ కాలు (రాడ్‌కు బిగించే రీల్ భాగం) నుంచి రాడ్ చివరి దాకా 9, 10 అంగుళాలుండాలి. రీల్ పట్టుకుంటే చివర మీ మోచేతికి కాస్త ముందే ఆగాలి. కట్ట రాడ్‌లకు ఇది 14, 15 అంగుళాలుంటుంది, రెండు చేతులతో విసరడానికి అది పనికొస్తుంది. కయాక్‌లో అదే పిడి లైఫ్ జాకెట్ పట్టీలో ఇరుక్కుంటుంది, ఒళ్లో ఉన్న తెడ్డుకు తగులుతుంది. చేప పట్టిన క్షణాన రాడ్‌ను ఎడమ నుంచి కుడికి తిప్పబోతే కడుపుకు అడ్డం పడుతుంది. ఆ ఒక్క క్షణం దారం సడలితే కొర్రమీను గాలం ఉమ్మేస్తుంది. పిడిని రంపంతో కోసి కురచ చేసుకోవడం కూడా వద్దు. అలా కోస్తే కొస వైపు బరువు ఎక్కువై గంటలో మణికట్టు పట్టేస్తుంది. మరీ 6 అంగుళాల పిడి ఉన్నదీ తీసుకోవద్దు, పెద్ద చేపకు ముంజేతి ఆసరా దొరకదు.

షాపులో పరీక్ష ఇలా: లైఫ్ జాకెట్ తీసుకెళ్లి తొడుక్కోండి. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి నేల మీద కూర్చోండి. మీ కయాక్ మొన కొలత దగ్గర చెప్పు పెట్టండి. రీల్ బిగించి, దారం రింగుల గుండా తీసి, తోడు వచ్చినవాళ్లను స్ప్రింగ్ త్రాసుతో కిలో బరువు లాగమనండి. రాడ్‌ను కుడి నుంచి ఎడమకు చెప్పు అవతలగా తిప్పండి. కొస చెప్పును దాటి, పిడి జాకెట్‌కు తగలకపోతే ఆ రాడ్ మీకు పనికొస్తుంది.

మిగతావి

పూర్తి కార్బన్ కన్నా కార్బన్, ఫైబర్‌గ్లాస్ కలిపినది కొనండి. కాస్త బరువున్నా పడవ అంచుకు తగిలినప్పుడు తట్టుకుంటుంది. వేసవిలో సాగర్ నీళ్లు దిగేకొద్దీ మునిగిన మోడులు బయటపడతాయి, వాటికి రాడ్ కొట్టుకోకుండా ఉండదు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. హైటెన్షన్ తీగల కింద రాడ్ ఎత్తొద్దు, ఉరుములు వినబడితే రాడ్ పడుకోబెట్టి వెంటనే ఒడ్డుకు వచ్చేయండి.

రెండు ముక్కల రాడ్ మేలు, బస్సులో కూడా వస్తుంది. ముడుచుకునే టెలిస్కోపిక్ రాడ్ వద్దే వద్దు. దాని అతుకులు చేప లాగుతుండగా లోపలికి జారతాయి, రింగులు మెలి తిరుగుతాయి.

ప్రతి రింగులో దూది తిప్పి చూడండి. పోగు చిక్కుకుంటే లోపల పగులు ఉన్నట్టే, బ్రెయిడ్ అక్కడ తెగుతుంది. 7 అడుగుల రాడ్‌కు కొసది కాక 7 రింగులైనా ఉండాలి.

రీల్ 3000 సైజు స్పిన్నింగ్ రకం (విసిరినప్పుడు దారం చుట్ట తిరగకుండానే దారం వదిలేది). బెయిట్‌కాస్టర్ (దారం చుట్ట తిరుగుతూ దారం వదిలే రీల్) కయాక్‌లో అక్కర్లేదు, ఎదురుగాలికి దారం గూడు కట్టుకుంటే చిక్కు తీస్తూ కూర్చునేలోగా పడవ గడ్డిలోకి కొట్టుకుపోతుంది. స్ప్రింగ్ త్రాసు తగిలించి రీల్ బిగింపును (ఎంత లాగితే దారం జారాలో దాన్ని) బ్రెయిడ్‌కు 2 నుంచి 3 కిలోల మధ్య, తంగూసుకు కిలోన్నర దగ్గర పెట్టండి.

రాడ్ నీళ్లలో పడితే మునుగుతుంది. రీల్ కాలికి 4 అడుగుల సాగే తాడు కట్టి, రెండో కొసను పడవకు కట్టండి, మీ నడుముకు మాత్రం కట్టుకోవద్దు. పడవ తిరగబడితే ఆ తాడే కాళ్లకు చుట్టుకుంటుంది. కృష్ణలో మొసళ్లున్నాయి, పడిన రాడ్ కోసం దూకకండి. చెరువైనా రిజర్వాయరైనా దిగేముందు అక్కడి మత్స్యకారుల సొసైటీని అడగండి, అమ్రాబాద్ అడవి వైపు నీళ్లయితే అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయొద్దు.