ఎర్బిల్ నుంచి సులేమానియాకు ఒంటరిగా వెళ్తుంటే

ఇరాక్ కుర్దిస్తాన్‌లో (ఉత్తర ఇరాక్‌లో కుర్దుల స్వయంపాలిత ప్రాంతం) షేర్ టాక్సీ ఎక్కేముందు, డబ్బు మాట్లాడేటప్పుడే దారి కూడా మాట్లాడుకోండి. ఎర్బిల్–సులేమానియా మధ్య దారులు రెండు. ఒకటి కిర్కూక్ మీదుగా వెళ్తుంది, కానీ 2017 అక్టోబరు నుంచి ఆ ఊరు బాగ్దాద్‌లోని ఇరాక్ కేంద్ర ప్రభుత్వ బలగాల చేతిలో ఉంది. కుర్దిష్ ప్రాంతం దాటి మళ్లీ లోపలికి రావాలి, తనిఖీలు ఎక్కువ. కోయా, దూకాన్ మీదుగా కొండల దారి కాస్త ఆలస్యమైనా అదే మేలు. "కిర్కూక్ నా, కోయా, దూకాన్" అంటే డ్రైవర్‌కు అర్థమవుతుంది ("నా" అంటే వద్దు). బండి కదిలాక ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాప్ చూస్తూ ఉండండి. మలుపు తేడాగా ఉంటే అప్పుడే అడగాలి, చెక్‌పోస్ట్ దగ్గర కాదు.

పాస్‌పోర్ట్, వీసా కాగితం డిక్కీలోని బ్యాగులో పెట్టకండి, చేతికి అందేలా ఉంచుకోండి. చెక్‌పోస్టులనూ సైనికులనూ ఫొటో తీయొద్దు.

ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది: పెంజ్వీన్, హాజీ ఒమ్రాన్ వంటి ఇరాన్ సరిహద్దు కొండల్లో 1980–88 ఇరాన్–ఇరాక్ యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. పుర్రె గుర్తున్న ఎర్ర త్రికోణం బోర్డు కనిపిస్తే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. బోర్డు లేకపోయినా బాట దిగొద్దు. వానలకు మందుపాతరలు కిందికి కొట్టుకొస్తాయి.