మంత్రిగారి రాజకీయ జీవితాన్ని తేదీలతో సహా పట్టిక కట్టడం ఎలా

ముందు ఆరు గళ్లు గీయండి: సంవత్సరం, సభ, నియోజకవర్గం, పార్టీ, ఫలితం, పదవి. మామూలు పరిచయ వ్యాసాలు గెలుపులే చెబుతాయి. ఓటములు, మధ్యలో ఖాళీలు ఈ గళ్లలోనే తేలతాయి.

ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ మాజీ మంత్రి బొత్స సత్యనారాయణ గారిని తీసుకుందాం. 1999లో బొబ్బిలి ఎంపీ. 2004, 2009లో చీపురుపల్లి ఎమ్మెల్యే. 2014లో అక్కడే కాంగ్రెస్ తరఫున ఓటమి. 2015లో వైసీపీలో చేరిక, 2019లో గెలుపు, 2024లో ఓటమి. అదే ఏడాది ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల స్థానం నుంచి ఎమ్మెల్సీ. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల ఫలితాలను ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో సరిచూసుకోండి. ఉప ఎన్నికలను మాత్రం విడిగా వెతకాలి, సాధారణ ఎన్నికల నివేదికలో అవి ఉండవు.

ఎక్కువమంది బోల్తాపడేది నియోజకవర్గం దగ్గర. 2008లో నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజనలో బొబ్బిలి లోక్‌సభ స్థానం రద్దయి విజయనగరం వచ్చింది. పాత ఫలితం కోసం విజయనగరం పేరుతో వెతికితే ఏమీ దొరకదు. చీపురుపల్లిలా పేరు అలాగే ఉన్న చోట్ల కూడా మండలాలు మారి ఉండొచ్చు. అందుకే 2004, 2009 మెజారిటీలను పక్కపక్కన పెట్టి బలం పెరిగిందనో తగ్గిందనో తేల్చేయకండి. అలాగే 2014 జూన్ 2కు ముందున్నది 294 స్థానాల ఉమ్మడి సభ, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 175, తెలంగాణకు 119. మంత్రి పదవి పక్కన ఏ రాష్ట్రమో రాయాల్సిందే.

ఇక శాఖలు. ప్రమాణ స్వీకారం తేదీ వేరు, శాఖల కేటాయింపు తేదీ వేరు. కేటాయింపు తేదీకి సాధారణ పరిపాలన శాఖ ఉత్తర్వే ఆధారం. బొత్స 2019 జూన్ 8న ప్రమాణం చేసి మున్సిపల్ శాఖ చూశారు. 2022 ఏప్రిల్ 7న మంత్రులంతా రాజీనామా చేశారు. 11న కొత్త మంత్రివర్గంలో ఆయన మళ్లీ ప్రమాణం చేసి విద్యాశాఖ తీసుకున్నారు. దీన్ని "2019–24 మంత్రి" అని ఒక్క వరుసలో కుదిస్తే ఒక రాజీనామా, ఒక ప్రమాణం, శాఖ మార్పు మూడూ మాయమవుతాయి. రెండు వరుసలుగానే రాయండి.

ఏ సభలోనూ సభ్యత్వం లేకుండా ప్రమాణం చేసినవారి విషయంలో రాజ్యాంగంలోని 164(4) అధికరణ గుర్తుంచుకోండి. ఆరు నెలల్లో ఎన్నిక కాకపోతే పదవి పోతుంది కాబట్టి ప్రమాణం తేదీ, ఎన్నిక తేదీ రెండూ ఉండాలి. శాసన మండలి కూడా అన్ని కాలాల్లోనూ లేదు: 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగొచ్చింది. రద్దయి ఉన్న ఆ ఏళ్లలో ఎవరినైనా ఎమ్మెల్సీ అని రాస్తే అది తప్పే.

ఆస్తులు, కేసులు, చదువు వివరాలకు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చూడండి. అది అభ్యర్థి సొంత ప్రకటన. "అఫిడవిట్ ప్రకారం" అని ఏడాదితో సహా రాయండి, ఒక ఏడాది అంకెను మరో ఏడాది వరుసలో పెట్టకండి.