పాత బాక్స్‌స్టర్ కొంటున్నారా? ఏ ఆప్షన్‌కు ఎంత ఇవ్వాలో ఇలా తేల్చుకోండి

అమెరికాలో నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక, గరాజ్‌లో ఫ్యామిలీ వ్యాన్ పక్కన టాపు తెరుచుకునే రెండు సీట్ల బండి ఒకటి ఉంటే బాగుండునని అనిపించే వయసు వస్తుంది. అప్పుడు చేసే బేరాల్లో తరచూ తగిలేది పోర్షే బాక్స్‌స్టర్. 2005 నుంచి 2012 మోడల్ వరకు వచ్చిన 987 అనే కోడ్ పేరున్న తరం గురించే ఇక్కడ చెబుతున్నాను.

పోర్షే దగ్గర కారుకో ధర, అందులో వేయించుకునే హంగులకో ధర. అందుకే ఒకే ఏడాది, ఒకే రంగు కార్లు రెండు పక్కపక్కన పెట్టినా లోపలి సరుకు ఒకటి కాదు. అమ్మేవాళ్లు ‘ఫుల్లీ లోడెడ్’ అంటారు. ఏం లోడు చేశారో చూసుకోవాల్సింది మనమే. నా లెక్క ఇది: తర్వాత నేనే బిగించుకోగలిగినదానికి అదనంగా డాలరు కూడా ఇవ్వను. బిగించుకోలేనిదానికి ఇస్తాను, కానీ అది చెడితే అయ్యే ఖర్చును ముందే ధరలో కోసేసి ఇస్తాను.

1. స్టిక్కర్ చదవండి

ఈ కారుకు ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. ముందు మూత ఎత్తితే కనిపించేది సామాన్ల అర. ఆ మూత లోపలివైపు ఓ తెల్ల స్టిక్కర్ మీద అంకెలుంటాయి, సర్వీసు పుస్తకం మొదట్లోనూ అదే ఉంటుంది. 475 అంటే పీఏఎస్ఎం (బటన్‌తో గట్టిపడే సస్పెన్షన్), 450 అంటే సెరామిక్ బ్రేకులు, 342 సీటు హీటర్లు, 680 బోస్ స్పీకర్లు. ప్రకటనలో రాసినవి ఈ అంకెలతో సరిపోవాలి. మూత మీద స్టిక్కరే లేదంటే మూత మార్చారేమో, ముందువైపు గుద్దుకుందేమో అడగండి.

2. పసుపు రంగు చూసి మోసపోకండి

సెరామిక్ బ్రేకులకు కాలిపర్లు (డిస్కును నొక్కి పట్టే భాగాలు) పసుపు రంగులో వస్తాయి. ఎక్కువ పవరుండే ‘ఎస్’ మోడల్‌కు ఎరుపు, మామూలు మోడల్‌కు నలుపు. నేను చూసిన ఓ కారుకు పసుపు కాలిపర్లున్నాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంది. ముందు రాత్రి వాన పడింది. వంగి చక్రం పుల్లల మధ్య నుంచి చూస్తే డిస్కు మీద నారింజ రంగు తుప్పు పొర! ఇనుప డిస్కుకు తడి తగిలితే పొద్దున్నకల్లా అలా పట్టేస్తుంది, సెరామిక్‌కు పట్టదు. ఇంకాస్త దగ్గరగా చూస్తే బోల్టుల తలల మీద కూడా పసుపు పెయింటే. స్టిక్కర్‌లో 450 లేదు. అమ్మే ఆయన్నేం అనలేదు, థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

అసలైన సెరామిక్ బ్రేకులే ఉన్నా నేను ఎగబడను. ఇనుప డిస్కులో సగం బరువే, నిజమే. కానీ మార్చాల్సి వస్తే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. రేసు ట్రాక్ మీద తిప్పిన కారైతే మరీ జాగ్రత్త.

3. తర్వాత బిగించలేనివి

పీఏఎస్ఎం ఉంటే బండి 10 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. బటన్ నొక్కితే సస్పెన్షన్ గట్టిపడుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో నున్నటి హైవే మీద కాకుండా అతుకులేసిన రోడ్డు మీద బటన్ వేసి, తీసి చూడండి. తేడా తెలియకపోతే ఆ ఆప్షన్ మీకు అక్కర్లేదనైనా అర్థం, షాక్ అబ్జార్బర్లు పోయాయనైనా అర్థం. ఈ షాక్ అబ్జార్బర్లు మామూలువాటికన్నా ఖరీదు.

2009 నుంచి దొరికిన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపేది, కోడ్ 220) అరుదు. ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లు దానికి డబ్బిచ్చినా తప్పులేదు. ఆఫీసుకు వెళ్లి రావడానికైతే వద్దు. స్పోర్ట్ క్రోనో అంటే డ్యాష్‌బోర్డు మీద గడియారం అని చాలామంది అనుకుంటారు. అసలు పని స్పోర్ట్ బటన్‌ది, నొక్కగానే యాక్సిలరేటర్ చురుగ్గా స్పందిస్తుంది.

4. టాపు తీసి తిరిగేవాళ్లకు

ఇక్కడ మాత్రం నేను గీసి గీసి బేరమాడను. సీటు హీటర్ ఉంటే నవంబరు పొద్దున టాపు తీసి తిరగొచ్చు. లేకపోతే ఆ కారు మీకు ఏడాదిలో ఆరు నెలలే కన్వర్టిబుల్. రెండు హీటర్లూ వేసి పది నిమిషాలు కూర్చోండి. సీటంతా సమంగా వెచ్చబడాలి. తలల వెనక కమ్మీల మధ్య పెట్టే విండ్ డిఫ్లెక్టర్ వెనక నుంచి మెడ మీదికొచ్చే గాలిని ఆపుతుంది. పాతవి విడిగా కూడా దొరుకుతాయి కాబట్టి దాని కోసం ధర పెంచనివ్వకండి.

విడదీసే అల్యూమినియం హార్డ్‌టాప్ కనిపిస్తే మనసు లాగుతుంది. చలికాలంలో కారు లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. అయితే దాదాపు 25 కిలోల ఆ టాపును ఎత్తడానికి ఇద్దరు కావాలి, తీశాక పెట్టడానికి చోటు కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండే నా స్నేహితుడి టాపు రెండు వేసవులు హాల్లో గోడకానుకుని ఉంది. వాళ్లావిడ దాని మీద బట్టలారేసేది.

5. వీటికి పైసా వద్దు

నావిగేషన్: మ్యాపులు పాతవి, ఫోన్ ఉండగా ఎవరు చూస్తారు? బోస్: టాపు తీస్తే అంత తేడా వినపడదు. పైగా 2005-08 కార్లలో అది ఫైబర్ ఆప్టిక్ తీగలతో నడుస్తుంది, స్టీరియో మార్చడం తలనొప్పి. డ్యాష్‌బోర్డుకు కూడా తోలు వేయించిన కార్లలో అంచులు చూడండి, టెక్సస్, అరిజోనా ఎండలకు ముడుచుకుపోయి ఉంటాయి. 19 అంగుళాల చక్రాలు ఫొటోల్లో బాగుంటాయి, గుంతలో పడితే రిమ్ము వంగుతుంది.

6. చివర్లో ధర, అంతకన్నా ముందు టాపు

ఆప్షన్లు లేని అదే ఏడాది కార్లు మీ ప్రాంతంలో ఎంతకు పోతున్నాయో చూసి, అక్కడి నుంచి పైకి లెక్కించండి. కొత్తప్పుడు ఎంత పోశారన్న బిల్లు చూపిస్తే చూడండి, లెక్కలోకి తీసుకోకండి. సంతకం పెట్టేముందు బయటి మెకానిక్‌తో పరీక్ష చేయించండి. 2009కి ముందు కారైతే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ది, అది పోతే ఇంజినే పోవచ్చు) గురించి ప్రత్యేకంగా అడగండి.

టాపును మాత్రం మీరే చూడండి. ముందు కొక్కెం విప్పి రెండుసార్లు తెరిచి మూయండి. తెరవడమైనా మూయడమైనా ఒక్కోటీ దాదాపు 12 సెకన్లలో ఆగకుండా అవ్వాలి, మధ్యలో టకటకమనకూడదు. గుడ్డ మడత పడే చోట్ల వేలితో తడమండి. సగం తెరిచి ఆపి, రెండు వైపులా ఉండే నీటి దారుల్లో ఆకులు ఇరుక్కున్నాయేమో చూడండి, అవి మూసుకుపోతే నీళ్లు లోపలికే వస్తాయి. ఆ తర్వాత సీటు కింద కార్పెట్ మీద అరచెయ్యి ఒత్తి పెట్టి చూడండి. చెయ్యి తడిస్తే, స్టిక్కర్ మీద ఎన్ని అంకెలున్నా ఇంకో కారు చూసుకోండి.