చెకప్‌లో ఆ తొమ్మిది ప్రశ్నల ఫామ్ ఇస్తే అన్నీ సున్నాలు కొట్టేయకండి

అమెరికా వచ్చాక మొదటిసారి చెకప్‌కి వెళ్తే ఒక ఫామో ట్యాబో చేతిలో పెడతారు, పోయిన రెండు వారాల్లో నిద్ర ఎలా పట్టింది, ఆకలి ఎలా ఉంది, ఏ పని మీదైనా ఆసక్తి ఉంటోందా, ఇలాంటివి తొమ్మిది ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పేరు పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ ఉందేమో చూసే ఫామ్ అన్నమాట. కొన్ని చోట్ల ముందు రెండే అడిగి, అందులో 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మిగతావి ఇస్తారు. మనవాళ్ళు "నాకేం పిచ్చా" అనుకుని టకటకా సున్నాలు కొట్టేసి ఇచ్చేస్తారు, అక్కడే వస్తుంది తంటా.

ఇక్కడి చైనీస్ వాళ్ళ సంగతి చూడండి. బోస్టన్‌లో ఆల్బర్ట్ యూంగ్ అనే సైకియాట్రిస్ట్ టీమ్ 2004లో ఒక పేపర్ రాసింది, డిప్రెషన్ ఉందని తేలిన 29 మంది చైనీస్ పేషెంట్లని మీ బాధేంటని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒంట్లో బాధల గురించే, దిగులుగా ఉందని తమంతట తాము ఒక్కళ్ళు కూడా అనలేదు. అదే మాట ఇలాంటి ఇంకో డిప్రెషన్ ఫామ్ మీద ప్రశ్నగా పెడితే 90 శాతం పైనే అవునన్నారు! అంటే దాచాలని కాదు, డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం అనుకోలేదంతే. మన ఇళ్ళల్లో మాత్రం వేరేగా ఉందా చెప్పండి, పిల్లల దగ్గరికొచ్చిన అమ్మ నడుం నొప్పి, తల బరువు, నిద్ర పట్టట్లేదు అంటుంది తప్ప పొద్దస్తమానం ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా అని ఎప్పుడైనా అందా. న్యూయార్క్ చైనాటౌన్‌లో చార్ల్స్ బి వాంగ్ హెల్త్ సెంటర్ వాళ్ళు ఇది గమనించే మనసు డాక్టర్లని మామూలు క్లినిక్‌లోనే కూర్చోబెట్టారు, జ్వరానికి వచ్చారో దీనికి వచ్చారో బయటివాళ్ళకి తెలియదు. నన్నడిగితే మంచి ఐడియా.

సరే మీరు చేయాల్సింది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, ప్రభుత్వ డబ్బు తీసుకునే క్లినిక్ అయితే ఫ్రీగా ఇవ్వాల్సిందే, ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటారు. కొడుకునో కోడలినో పక్కన పెట్టుకుని చెప్పించొద్దు, కోడలి ముందు అత్తగారు నిజం చెప్తారా! చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండని అనిపిస్తోందా అని ఉంటుంది, దానికి అవునని పెడితే పోలీసులొస్తారేమో అని భయపడకండి, మామూలుగా డాక్టరే కూర్చుని ఇంకాస్త వివరంగా అడుగుతారు. స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జబ్బు ఖాయమని కాదు, ఇంకా మాట్లాడాలని అర్థం, థైరాయిడ్ లాంటి టెస్టులు కూడా రాయొచ్చు. మీ పర్మిషన్ లేకుండా క్లినిక్ వాళ్ళు మీ ఆఫీసుకి ఏదీ చెప్పకూడదు, హెచ్1బీ వాళ్ళు దీనికే ఎక్కువ టెన్షన్ పడుతుంటారు.

ఇన్సూరెన్స్ ఉంటే ఈ స్క్రీనింగ్‌కి మామూలుగా కో-పే (మన జేబులోంచి కట్టే వాటా) ఉండదు. పేరెంట్స్ విజిటర్ ఇన్సూరెన్స్‌లో మాత్రం చెకప్‌లు సాధారణంగా రావు, వాళ్ళకి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ దగ్గర్లో ఉందేమో వెతకండి. మరీ తట్టుకోలేనట్టు ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇలాంటి సమయాల కోసమే ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా కాల్ చేయొచ్చు, ఇంగ్లీష్ రాకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు.