అప్పిచ్చిన కంపెనీని మీ లెక్కలు, మీ డేటా రాతపూర్వకంగా అడగడం ఎలా?

రికవరీ ఏజెంటు ఫోన్‌లో చెప్పే అంకె ఒకటి, యాప్‌లో కనిపించేది ఇంకొకటి, మీ లెక్క ప్రకారం మిగిలింది మరొకటి. ఇలాంటప్పుడు ఫోన్‌లో ఎంత వాదించినా గొంతు నొప్పే మిగులుతుంది. కాగితం మీద అడగండి. రేపు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) దాకా వెళ్లాల్సి వస్తే అక్కడ పనికొచ్చేది అదే.

1. క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి

మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. సైట్లలో డబ్బు కట్టే ప్లాన్లే ముందు కనిపిస్తాయి, ఉచిత రిపోర్టు లింకు కోసం కాస్త ఓపిగ్గా వెతకాలి. మీ అప్పు ఏ కంపెనీ పేరు మీద ఉందో అందులో చూడండి. యాప్‌ది ఒక పేరు, అసలు డబ్బిచ్చిన ఎన్‌బీఎఫ్‌సీది (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీది) మరో పేరు కావడం మామూలే. ఉత్తరం ఆ ఎన్‌బీఎఫ్‌సీ గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) వెళ్లాలి. పేరు, ఈమెయిల్ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

2. గోడు వద్దు, అడిగేది మాత్రమే రాయండి

ఉద్యోగం పోయింది, ఇంట్లో జబ్బులు... ఇవన్నీ నిజమే కావచ్చు, కానీ ఈ ఉత్తరంలో వాటికి చోటు లేదు. తేదీ, లోన్ ఖాతా నంబరు పైన రాసి, కింద ఇలా:

“పై ఖాతాకు మొదటి నుంచి నేటి వరకు స్టేట్‌మెంటు, ఒప్పందం కాపీ, వేసిన ప్రతి పెనాల్టీకి ఆధారం పంపగలరు. మీ దగ్గర, మీ యాప్ దగ్గర, రికవరీ ఏజెన్సీ దగ్గర నా వివరాలు ఏమేం ఉన్నాయో, ఎవరెవరికి ఇచ్చారో తెలుపగలరు. నా ఫోన్ కాంటాక్టులు తీసుకుని ఉంటే తొలగించి, ఆ విషయం రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు. ఈ ఉత్తరాన్ని బాకీ అంగీకారంగా భావించరాదు.”

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. బాకీ వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు. ఆ గడువు తీరకముందే బాకీ ఉందని మీరు సంతకంతో రాసిస్తే, 1963 లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. “రెండు నెలలు ఆగండి, కట్టేస్తాను” అన్న మాట చాలు, కొంప ముంచడానికి. అలాంటి మాట పైన రాసేసి, కింద ‘అంగీకారం కాదు’ అంటే నిలవదు. నిజంగానే కట్టే ఉద్దేశముంటే, లెక్కలు చేతికొచ్చాక దానికి వేరే ఉత్తరం రాయండి.

డేటా విషయంలో ప్రస్తుతానికి గట్టి ఆధారం రిజర్వు బ్యాంకు డిజిటల్ లెండింగ్ నిబంధనలే. లోన్ యాప్ మీ కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి పోకూడదు. ఇచ్చిన అనుమతిని మీరు వెనక్కి తీసుకోవచ్చు, డేటా తీసేయమనీ అడగవచ్చు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా మన వివరాలు మనం అడిగే హక్కు ఇచ్చింది. కానీ 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో దాని అమలుకు 18 నెలల వ్యవధి పెట్టారు.

3. గుర్తింపు కాపీ

మాస్క్‌డ్ ఆధార్ చాలు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. కాపీకి అడ్డంగా ‘లోన్ వివరాల కోసం మాత్రమే’ అని, తేదీతో సహా రాయండి.

4. పంపడం

ఈమెయిల్ చేసి, అదే ఉత్తరం పోస్టులోనూ పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్టు అనే అడగాలి. బ్రాంచిలో నేరుగా ఇస్తే రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

5. 30 రోజులు చూడండి

జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో, ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలుంటే 14448కు ఫోన్ చేయండి. క్రెడిట్ రిపోర్టులో తప్పుంటే దానికి విడిగా ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. అందుకే ఫిర్యాదు నంబరు వచ్చిన స్క్రీన్‌షాట్ దాచుకోండి.