సెప్టెంబరులో చిబా సముద్రానికి వెళ్తున్నారా? ముందు అలల సంగతి చూడండి, చాప్‌స్టిక్స్ సంగతి తర్వాత

టోక్యోలో ఉద్యోగం చేసే మనవాళ్లకు సెప్టెంబరు రాగానే ఆఫీసులో జపాన్ కొలీగ్స్ నుంచి ఒక పిలుపు వస్తుంది. "ఈ శనివారం చిబా వెళ్తున్నాం, సర్ఫింగ్‌కి వస్తారా?" అని. చిబా అంటే టోక్యోకు తూర్పున, పసిఫిక్ ఒడ్డున ఉన్న ప్రాంతం. సెప్టెంబరులో కొన్నేళ్లు వరసగా వచ్చే సిల్వర్ వీక్ సెలవులు కలిసొస్తే ఇక చెప్పక్కర్లేదు. అలా బయల్దేరే, టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్ కుర్రాళ్లు నన్ను అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "అన్నా, తర్వాత అందరూ కలిసి లంచ్‌కి వెళ్తారట. నాకు చాప్‌స్టిక్స్ పట్టుకోవడం సరిగ్గా రాదు, పరువు పోతుందేమో." సముద్రం గురించి అడిగినవాళ్లు అరుదు. భయం తప్పు చోట పెట్టుకున్నారని అప్పుడే అర్థమవుతుంది. పుల్లలతో తినడం రాకపోతే నవ్వేసి ఫోర్క్ తెప్పిస్తారు. సముద్రం దగ్గర అలాంటి సర్దుబాట్లు ఉండవు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు జపాన్‌లో తుఫానులు జోరుగా ఉండే కాలం. గాలివాన వచ్చిన రోజు ఎవరూ బోర్డు పట్టుకుని బయటకు వెళ్లరు కాబట్టి ఆ రోజుతో పెద్ద ప్రమాదం లేదు. చిక్కంతా దానికి ముందు రోజుల్లోనే. తుఫాను ఎక్కడో దక్షిణాన పసిఫిక్ నడిమధ్యలో ఉంటుంది, దాని అలలు మాత్రం ముందే బయల్దేరతాయి. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య 14 సెకన్ల ఎడం ఉండే అలల గుంపు లోతైన సముద్రంలో గంటకు సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 1,500 కిలోమీటర్ల అవతల తిరుగుతున్న తుఫాను అలలు ఒకటిన్నర రోజులో మీ కాళ్ల దగ్గరకు వచ్చేస్తాయి. పైన ఎండ, నీలాకాశం, ఆకు కూడా కదలదు. సముద్రం కూడా ఓ పది నిమిషాలు చెరువులా పడుకున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత వరసగా నాలుగైదు పెద్దవి లేస్తాయి. ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు చూసి "ఏముంది, చిన్నవేగా" అని దిగేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కనీసం ఇరవై నిమిషాలు చూడండి. కొలీగ్స్ తొందరపెట్టినా సరే.

టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి పెట్టింది ఈ చిబాలోనే, ఇచినోమియా ఊళ్లోని సురిగసాకి బీచ్‌లో. 2021 జులైలో నెపార్టక్ అనే తుఫాను దగ్గరికి వస్తోందని ఫైనల్స్‌ను ఒకరోజు ముందుకు జరిపి 27న పూర్తిచేశారు. స్వర్ణం గెలిచిన బ్రెజిల్ ఆటగాడు ఇతాలో ఫెరేరాకు ఆ ఫైనల్ మొదటి అలలోనే బోర్డు విరిగింది. వేరే బోర్డు తెచ్చుకుని ఆడి గెలిచాడు. అందుకే కొత్తవాళ్లను నేను సురిగసాకికి వెళ్లమనను. ఒలింపిక్స్ జరిగిన చోట ఫొటో దిగాలనుంటే దిగండి, బోర్డు మాత్రం టోక్యోకు నైరుతిన షోనాన్ తీరంలోని కుగెనుమా బీచ్‌లో ఎక్కండి. అక్కడ రద్దీ ఎక్కువే కానీ అలలు సాధారణంగా చిన్నవి, నేర్పే స్కూళ్లు కూడా చాలానే ఉన్నాయి. కొలీగ్స్ చిబాకే పట్టుబడితే స్కూల్లో క్లాసు బుక్ చేసుకుని వెళ్లండి. "మావాడికి వచ్చు, వాడే నేర్పిస్తాడు" అన్న భరోసాతో మాత్రం వెళ్లకండి. బాగా సర్ఫ్ చేసేవాడు మిమ్మల్ని నురగలో వదిలేసి తన అల కోసం లోపలికి వెళ్లిపోతాడు.

వెళ్లే ముందు రాత్రి చూసుకోవాల్సినవి మూడు. ఒకటి అల ఎత్తు. జపాన్ సర్ఫర్లు దీన్ని మీటర్లలో కాక ఒంటితో కొలుస్తారు: మోకాలు, నడుము, ఛాతీ, భుజం, తల. మీకు మోకాలు నుంచి నడుము దాకా సరిపోతుంది. ఛాతీ అన్నారంటే ఆ రోజు మీరు కెమెరా పట్టుకోవడమే మేలు. రెండోది అలల మధ్య ఎడం, అంటే పీరియడ్. అదే నడుమెత్తు అల 7 సెకన్లదైతే ఆట, 14 సెకన్లదైతే మిమ్మల్ని తోసి పడేస్తుంది. మూడోది జపాన్ వాతావరణ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక, 'హారో చూయిహో'. అది ఉంటే కొత్తవాళ్లకు ఆ రోజుకి సర్ఫింగ్ లేనట్టే, ట్రైన్ టికెట్ డబ్బులు పోయినా సరే.

నీళ్లలో అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది అలకు కాదు, రిప్ కరెంట్‌కు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో మీరుంటే మిమ్మల్నీ తీసుకుపోతుంది. వెడల్పు పది నుంచి ముప్పై మీటర్లు ఉంటుంది. వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు. అది ఒలింపిక్ ఈతగాడు వంద మీటర్ల పోటీలో ఈదే వేగం, దానికి ఎదురీది గెలిచేవాడు ఎవడూ లేడు. చూడ్డానికి మాత్రం అదే ప్రశాంతమైన చోటు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ విరగకుండా, కాస్త ముదురు రంగులో, పైన చిన్న చిన్న ముడతలతో ఉంటుంది. నురగ, ఇసుక సముద్రం వైపుకి పోతుంటాయి. కొత్తవాళ్లు సరిగ్గా ఆ పట్టీనే ఎంచుకుంటారు, అక్కడ అలలు లేవు కదా అని. ఇచినోమియా తీరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయే హెడ్‌ల్యాండ్ కట్టడాలున్నాయి. వాటి పక్కనే ఈ పాయ బలంగా ఉంటుంది. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకు ఒక ప్రత్యేక మనవి: ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ మనుషుల్ని లాగేసేది ఇదే. సముద్రం పక్కన పెరిగాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

చిక్కుకుంటే బోర్డు వదలొద్దు. అదే మీ పడవ. దాని మీద బోర్లా పడుకుని, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పాడిల్ చేయండి, అంటే చేతులతో నీటిని వెనక్కి తోస్తూ వెళ్లండి. పట్టు సడలిందనిపించాక, అలలు విరిగే చోటికి చేరి ఆ నురగతో పాటే బయటకు రండి. చేతులు ఆడకపోతే ఆగి, బోర్డు మీదే ఉండి, ఒక చెయ్యి పైకెత్తి అటూ ఇటూ పెద్దగా ఊపండి. సాయం కావాలనడానికి అదే సైగ. ఒడ్డున ఉన్న స్నేహితుడు చూస్తే 118కి ఫోన్ చేయాలి, అది కోస్ట్ గార్డ్ నంబరు. అంబులెన్సుకు 119. రెండూ ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి. ఎరుపు, తెలుపు గళ్ల పెద్ద జెండా ఊపుతుంటే అది సునామీ హెచ్చరిక, 2020 నుంచి వాడుకలో ఉంది. నీళ్లలో చెవులకు సైరన్ వినపడకపోవచ్చు కాబట్టి అప్పుడప్పుడు ఒడ్డు వైపు చూడటం అలవాటు చేసుకోండి. జెండా కనపడితే బట్టలూ బ్యాగూ అక్కడే వదిలేసి ఎత్తయిన చోటికి వెళ్లిపోవాలి.

ఇక బోర్డు. మొదటి రోజు దెబ్బల్లో చాలా వరకు సొంత బోర్డుతో తగిలేవే. నడుము లోతు నీళ్లలో నిలబడ్డప్పుడు బోర్డును మీకూ అలకూ మధ్య అడ్డంగా పట్టుకోకండి. అల దాన్ని తీసుకొచ్చి తిన్నగా పళ్ల మీద కొడుతుంది. మీ పక్కన, బోర్డు ముందు కొస సముద్రం వైపు ఉండేలా పట్టుకోవాలి. బోర్డును మీ కాలికి కట్టే లీష్ తాడు, బోర్డు మీద వెనక ఉండే కాలి చీలమండకే ఉండాలి, చేతికి చుట్టుకుంటే వేళ్లు విరుగుతాయి. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకొద్దు, కింద ఇసుక ఎంత లోతులో ఉందో తెలియదు. పక్కకో వెనక్కో బల్లపరుపుగా పడండి. పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తల చుట్టూ పెట్టుకుని రండి, బోర్డు సాగిన తాడుతో పాటు తిరిగొస్తుంటుంది. అద్దెకు తీసుకునేటప్పుడు మెత్తటి ఫోమ్ బోర్డే అడగండి.

ఒంటి సంగతి ఒకటి చెప్పాలి, దీన్ని చాలామంది వినలేదు. మొదటిసారి సర్ఫింగ్ చేసేవాళ్లలో, అరుదుగా, బోర్డు మీద బోర్లా పడుకుని నడుము వెనక్కి వంచి ఎక్కువసేపు ఉన్నప్పుడు వెన్నుపాముకు రక్తం అందడం తగ్గుతుంది. ఏ దెబ్బా తగలకుండానే నడుములో నొప్పి మొదలై కాళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం జరుగుతుంది. అలా అనిపిస్తే "ఇంకొక్క అల" అనకుండా బయటకు వచ్చి 119కి ఫోన్ చేయించండి. మధ్యమధ్యలో లేచి కూర్చోండి, నీళ్లు తాగండి. జెల్లీఫిష్‌లు ఆగస్టు నడిమి నుంచి ఎక్కువవుతాయి. కుడితే రుద్దకండి, మంచినీళ్లతో కడగకండి, సముద్రపు నీటితోనే కడిగి వైద్యుడికి చూపించండి. ఇసుకలో నీలం బెలూన్ లాంటిది కనపడితే చచ్చిందే కదా అని ముట్టుకోవద్దు.

నీళ్లలో మర్యాద కూడా ప్రమాదం తప్పించేదే. ఒక అలకు ఒక్కరే. అల ఎత్తుగా విరుగుతున్న చోటికి దగ్గరగా ఉన్నవాడిదే ఆ అల. వాడి ముందు లేచి దిగితే దాన్ని ఇక్కడ 'మాయెనోరి' అంటారు, అది గుద్దుకోవడంతో ముగుస్తుంది. పొరపాటున చేస్తే వెంటనే "సుమిమాసేన్" (క్షమించండి) అనండి. లోపలికి వెళ్లగానే అక్కడున్నవాళ్లకు తల వంచి ఒక పలకరింపు వేస్తే, మీరు కొత్తవారని తెలిసి వాళ్లే ఏ వైపు వెళ్లకూడదో చెబుతారు.

ఇన్ని చెప్పి భయపెట్టానని మానేయకండి. నడుము లోతులో, నురగ వెనక నుంచి వచ్చి బోర్డు తోక దగ్గర ఒక తోపు తోస్తుంది. బోర్డు కింద ఇప్పటిదాకా చప్పుడు చేసిన నీరు ఒక్కసారి సర్రున జారడం మొదలవుతుంది. చేతులు ఆనించి లేస్తారు, మోకాళ్లు వణుకుతాయి, మూడు నాలుగు సెకన్లు ఒడ్డు దానంతటదే మీ వైపు వస్తుంది. తర్వాత పడతారు. ముక్కులోకి ఉప్పునీళ్లు పోతాయి. లేవగానే మళ్లీ సముద్రం వైపే నడుస్తారు, అది మాత్రం ఖాయం.

ఇప్పుడు లంచ్. చాప్‌స్టిక్స్‌తో చేయకూడనివాటి జాబితా చాంతాడంత ఉంది. పుల్లలు నాకడం, గిన్నెను పుల్లతో లాక్కోవడం, ఏది తీసుకోవాలో తేలక గిన్నెల మీద తిప్పడం, పుల్లతో మనిషిని చూపించడం, అన్నీ తప్పులే. విదేశీయుడు చేస్తే ఎవరూ పట్టించుకోరు. రెండు మాత్రం బల్ల దగ్గర మాటలు ఆపేస్తాయి. ఒకటి, అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం. చనిపోయినవారి తల దగ్గర పెట్టే అన్నం గిన్నెలో అలా గుచ్చుతారు. రెండోది, ఒకరి పుల్లల నుంచి మరొకరు పుల్లలతో అందుకోవడం. దహనం తర్వాత బంధువులు ఇద్దరిద్దరుగా నిలబడి అస్థికలను చాప్‌స్టిక్స్‌తోనే తీసి కలశంలో వేస్తారు, పాదాల ఎముకలతో మొదలుపెట్టి తల దాకా. అందుకే ఎవరైనా ఓ టెంపురా ముక్క మీకు వేయబోతే మీ పుల్లలు చాచకండి, ప్లేటు చాచండి. ఈ రెండూ గుర్తుంటే మీ పరువుకు ఢోకా లేదు.

మధ్యలో పెట్టిన గిన్నెలోంచి తీసుకోవడానికి వేరే పుల్లలుంటాయి, వాటితోనే తీసుకోండి. ఎంగిలి పట్టింపున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. రెండు గంటలు పాడిల్ చేశాక చేతులు వణుకుతుంటాయి, మామూలుగా వచ్చినవాళ్లకు కూడా పుల్లలు జారతాయి. చెక్క పుల్లల్ని ఒడిలో అడ్డంగా పట్టుకుని, ఒకటి పైకి ఒకటి కిందికి లాగి విడదీయండి, మోచెయ్యి పక్కవాళ్లకు తగలదు. కింది పుల్ల బొటనవేలి మొదట్లో, ఉంగరం వేలి మీద కదలకుండా కూర్చోవాలి. పై పుల్లను పెన్నులా పట్టుకోండి, కదిలేది అదొక్కటే. చేమదుంప వస్తే జారి పరువు తీస్తుంది, పొడవాలనిపిస్తుంది, పొడవకండి. పుల్లలతోనే రెండుగా విడగొట్టి తీసుకుంటే తప్పు లేదు. మీసో సూప్‌కు చెంచా రాదు. పుల్లలు కింద పెట్టి, గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగడమే. శాకాహారులు ఒకటి గమనించాలి, అందులో సాధారణంగా చేప రసం ఉంటుంది. ఇచినోమియా ఉన్న కుజుకురి తీరంలో కాల్చిన హమగురి ఆల్చిప్పలు తప్పకుండా తెప్పిస్తారు, చిప్పలో రసం సలసల కాగుతుంటుంది, ఆగి తినండి.

తిన్నాక మళ్లీ నీళ్లలోకి వద్దు, బీరు తాగితే అసలే వద్దు. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి లేచి అలలు చెదిరిపోతాయి, అప్పటికే ఒంట్లో ఓపిక ఉండదు. ట్రైన్‌లో వెళ్లినవాళ్లు కజుసా-ఇచినోమియా స్టేషన్‌లో వకాషియో ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే సుమారు గంటలో టోక్యో. కారులో వెళ్లినవాళ్లకు మాత్రం జాగ్రత్తలు ఇంకా అయిపోలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి, అలలతో పోట్లాడి, కడుపు నిండా తిన్నవాడే స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. సెలవురోజు సాయంత్రం టోక్యో అఖాతాన్ని దాటించే ఆక్వాలైన్ రోడ్డు మీద కవసాకి వైపు బండ్లు నత్తనడక నడుస్తాయి, ఆ నడకకే కళ్లు మూతపడతాయి. బయల్దేరే ముందే బండిలో అరగంట పడుకోమనండి, లేదా దారిలో ఉమిహోతరు అనే విశ్రాంతి స్థలం దగ్గర ఆపించండి. వెనక సీట్లో అందరూ నిద్రపోయినా, ముందు సీట్లో మీరు మేలుకుని అతనితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.